సాలెపురుగు విషయంలో ఒక దిద్దుబాటు

 

మామూలుగా వాక్యభాగం చదివి ప్రసంగం మొదలుపెడతాను. ఈ రోజు ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. ఆ తప్పు ఈ మైకు ముందే చేశాను కాబట్టి దిద్దుకోవడం కూడా ఇక్కడే జరగాలి.

గత వర్షాకాలంలో ఇదే కార్యక్రమంలో తొంభై ఒకటవ కీర్తన మీద మాట్లాడాను. అందులో వేటకాని ఉరి ప్రస్తావన ఉన్నది గదా. దాన్ని వివరించడానికి సాలెపురుగును తీసుకొచ్చాను. సాలెగూడులో ప్రతి దారమూ జిగురేనన్నాను. ఒక్కసారి తగిలిన పురుగు ఇక బయటపడదన్నాను. తన్నుకున్న కొద్దీ ఇంకా చిక్కుకుంటుందన్నాను. సాలెపురుగు మధ్యలో కూర్చుని కళ్లార్పకుండా చూస్తూ ఉంటుందనీ, సాతాను కూడా అంతేననీ గొంతు పెంచి చెప్పాను. ప్రసంగం బాగుందని చాలామంది ఫోన్లు చేశారు. నాకూ బాగానే అనిపించింది.

రెండు నెలలు గడిచాక ఒక ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. వానకు తడిసి పోస్టాఫీసు ముద్ర చెరిగిపోయింది. వెనుక చిరునామా లేదు, లోపల పేరు లేదు. ఆరేడు వరసలు మాత్రమే ఉన్నాయి. "అయ్యగారూ, నేను పదకొండేళ్లుగా తాగుతున్నాను. మానాలని మూడుసార్లు ప్రయత్నించాను. వలలో పడిన పురుగు బయటపడదని మీరు రేడియోలో చెప్పారు. నా సంగతి నాకిప్పుడు అర్థమైంది. ఇక ప్రయత్నించను. మా పిల్లల కోసం ప్రార్థన చేయండి" అని రాశారు.

ప్రియులారా, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ప్రసంగం చివర నేను క్రీస్తు విడిపిస్తాడని చెప్పాను. కానీ ఆ సహోదరుని చెవిలో మిగిలింది ఆ మాట కాదు. పురుగు మాటే మిగిలింది. పోనీ ఆ పురుగు మాటైనా నేను చూసి చెప్పిందా? కాదు. సెమినరీలో చదువుకునే రోజుల్లో ఒక పెద్దాయన చెప్పగా విన్నాను. ఆయన ఇంకెవరి దగ్గరో విని ఉంటారు. హెబ్రీ మాట ఒక్కటి వాడాలంటే రెండు నిఘంటువులు చూడమని మాకు నేర్పించారు. సాలెపురుగు గురించి చెప్పాలంటే సాలెపురుగును చూడమని ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు.

సరే, చూద్దామనుకున్నాను. పార్సనేజీ వెనుక బావి గట్టుకూ మందార చెట్టుకూ మధ్య ఒకటి వల కట్టి ఉన్నది. మా ఆవిడ అప్పటికే రెండుసార్లు బూజు కర్రతో బయలుదేరింది. వాయిదా వేయించాను.

మీరూ చూసే ఉంటారు. దాన్ని సిగ్నేచర్ స్పైడర్ అంటారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఆర్గియోప్. పొట్ట మీద పసుపు, వెండి, నలుపు చారలు. ఎనిమిది కాళ్లనూ జతజతలుగా కలిపి, ఎవరో ఇంటూ గుర్తు పెట్టినట్లు, తలకిందులుగా వల నడుమ కూర్చుంటుంది. ఆ కాళ్ల కొనల దగ్గర తెల్లటి దారంతో వంకర టింకరగా అల్లిన గీతలుంటాయి. సంతకం పెట్టినట్లుంటుంది గనుక ఆ పేరు వచ్చింది. ఆ గీతలు ఎందుకన్న దాని మీద శాస్త్రజ్ఞుల మధ్య ఇంకా వాదం నడుస్తూనే ఉన్నది. పురుగులను ఆకర్షించడానికని కొందరు, పిట్టలు వలను తెంపుకుని పోకుండా హెచ్చరించడానికని కొందరు అంటారు. మన తెలుగులో సాలెపురుగు అంటాం గానీ అది పురుగు కాదు. పురుగులకు ఆరు కాళ్లు, దీనికి ఎనిమిది. సాలె అన్న మాట మాత్రం సరిగ్గా కుదిరింది.

అది నేయడం చూడాలంటే తెల్లవారుజామునే లేవాలి. నేను ప్రార్థనకు నాలుగున్నరకు లేస్తాను. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి టార్చికి పాత ఎర్ర రిబ్బను చుట్టి ఇచ్చింది, వెలుతురు మరీ గుచ్చకుండా. మొదటి రోజు చూసినప్పుడు అది తన పాత వలను ఊడదీసి తింటున్నది! దారమంతా మాంసకృత్తులే గనుక పారేయదు. పాత దారాన్ని అరిగించుకుని కొత్త దారం తీస్తుంది. 1971లో డేవిడ్ పీకాల్ అనే శాస్త్రజ్ఞుడు ఒక తోట సాలెపురుగు దారానికి రేడియోధార్మిక గుర్తు పెట్టి చూస్తే, తిన్న దారంలోని పదార్థం ఎక్కువ భాగం మళ్లీ కొత్త వలలో కనిపించింది.

ఆ తరువాత మధ్య నుంచి అంచులకు, బండి చక్రానికి ఆకులు వేసినట్లు, దారాలు లాగింది. వాటి మీద మధ్యనుంచి బయటికి ఎడమెడంగా ఒక చుట్టు వేసుకున్నది. అది మేస్త్రీలు కట్టుకునే సారవ లాంటిది. ఆ పైన బయటి నుంచి లోపలికి దగ్గర దగ్గరగా అసలు చుట్లు వేస్తూ, వచ్చిన దారిలో ఆ సారవను తెంపేస్తూ వచ్చింది. గంట లోపల పని ముగిసింది. మా అమ్మాయి భూతద్దం తెచ్చి చూపించింది. చివరికి వేసిన చుట్ల మీద మాత్రమే ముత్యాలు గుచ్చినట్లు జిగురు చుక్కలున్నాయి. చక్రపు ఆకుల వంటి దారాల మీద ఒక్క చుక్క లేదు. వేలితో ముట్టి చూశాను, పొడి దారం.

మా సంఘంలో మంగళగిరి వైపు నుంచి వచ్చిన నేత కుటుంబం ఒకటున్నది. ఆ పెద్దాయనను ఒక ఉదయం పిలిచి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "మేం పడుగుకు గంజి పెడతాం అయ్యగారూ, ఇదేమో పడుగు వదిలేసి పేకకు జిగురు పెట్టింది, తిరకాసు నేతగాడు" అన్నారు. ప్రతి దారమూ జిగురేనన్న నా మాట అక్కడే పోయింది.

మరి దాని కాళ్లే దానికి అంటుకోవా అని మీరడగవచ్చు. ఎక్కువగా పొడి దారాల మీదనే నడుస్తుంది. జిగురు దారాన్ని ముట్టక తప్పనప్పుడు కాలు మెల్లగా, నిటారుగా లాక్కుంటుంది. కోస్టారికాలో ఇద్దరు పరిశోధకులు దీన్ని దగ్గరగా గమనించి 2012లో ప్రచురించారు. కాళ్ల మీది కొమ్మలు కొమ్మలుగా ఉన్న సన్నని వెంట్రుకలు, వాటి మీది ఒక పూత, కాలు తీసే ఒడుపు, ఈ మూడూ కలిసి దాన్ని కాపాడుతున్నాయని తేల్చారు.

ఇక రెండో మాట, కళ్లార్పకుండా చూస్తుందని చెప్పాను. దానికి రెప్పలే లేవు, అది వేరే సంగతి. ఎనిమిది కళ్లున్నా వల కట్టే సాలెపురుగులకు చూపు చాలా తక్కువ. అది కాళ్లతో వింటుంది. కాళ్ల చర్మం మీద చీలికల వంటి సూక్ష్మమైన అవయవాలున్నాయి. దారంలో కదలిక వస్తే వాటితో పసిగడుతుంది. 1880లో ఇంగ్లండులో చార్లెస్ వెర్నన్ బాయ్స్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు శ్రుతిదండాన్ని మోగించి తోట సాలెపురుగు వలకు ఆనించి చూశాడు. మా అమ్మాయి ఆ సంగతి చదివి, సైన్సు మాస్టారిని అడిగి ల్యాబులోని శ్రుతిదండాన్ని ఒక శనివారం ఇంటికి తెచ్చింది.

హవాయి చెప్పు అడుగున కొట్టి, వల అంచున ఒక దారానికి ఆనించాం. మధ్యలో రాయిలా ఉన్నది కాస్తా గిరుక్కున మా వైపు తిరిగింది. ముందు కాళ్లతో ఒక్కొక్క దారాన్ని పట్టి చూసుకున్నది. మోగుతున్న దారం దొరకగానే తిన్నగా పరుగెత్తుకొచ్చి, ఇనుప దండాన్ని పట్టుకుని దారంతో చుట్టబోయింది! మా అమ్మాయి నవ్వు ఆపుకోలేక శ్రుతిదండాన్ని బావిలో పడేయబోయింది. అదే మోగించకుండా ఆనిస్తే కదల్లేదు. చచ్చిన ఈగను వలలో పెట్టినా కదల్లేదు. ఫ్రాన్సు దేశంలో ఫాబ్ర్ అనే ఆయన, 1915లో చనిపోయారు, జీవితమంతా పురుగులను చూస్తూ గడిపారు. ఆయన చచ్చిన మిడతను సాలెపురుగు ఎదుటే పెడితే అది పట్టించుకోలేదట, గడ్డిపరకతో కదిలించగానే వచ్చి పడిందట. కాబట్టి అది వచ్చేది వల కదిలితేనే.

ప్రియులారా, ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బయటపడదు అన్నాను గదా.

రోజూ ఉదయం ఆరాధనకు ముందు అరగంట, సాయంత్రం మరో అరగంట మోడా వేసుకుని కూర్చున్నాను. మొదటి ఉదయమే నాలుగు పురుగులు వలకు తగలడం, నాలుగూ జారిపోవడం చూశాను. నాకు సిగ్గేసింది. జిగురు దారం దాని పొడవుకు రెండింతలకు పైగా సాగుతుంది. పురుగు వచ్చి కొట్టుకున్నప్పుడు విసిరికొట్టకుండా ఆపడానికి ఆ సాగుడు. కానీ ఆ పట్టు చాలా పురుగుల విషయంలో కొన్ని సెకన్లే. ఆ కొన్ని సెకన్లలో సాలెపురుగు చేరుకోవాలి. చేరుకోకపోతే పురుగు తన్నుకుని, ఒక దారం తెంపుకుని, ఇంకో దారం మీదకు జారి, అంచు దాటి పోతుంది. తన్నుకున్న కొద్దీ చిక్కుకుంటుందని నేను చెప్పింది శుద్ధ తప్పు. తన్నుకునేవే పోతున్నాయి. తన్నుకోవడం వల్ల వేటగత్తెకు కబురు అందుతుందన్నది నిజమే, అది దాచను. కానీ కదలకుండా ఉన్నదాన్ని కూడా అది వదలదు. మధ్యలో నిలబడి దారాలను గుంజి చూసి, ఏ దారం మీద బరువున్నదో కనుక్కుని నెమ్మదిగా వస్తుంది.

అన్నిటికంటే గడుసువి రాత్రి దీపాల చుట్టూ తిరిగే రెక్కల పురుగులు. వాటి రెక్కల మీద పొడి ఉంటుంది, పట్టుకుంటే మన వేళ్లకు అంటుతుంది గదా. ఆ పొడి నిజానికి సన్నని పొలుసులు. 1964లో అమెరికాలో థామస్ ఐస్నర్, ఆయన సహచరులు గమనించిందేమంటే, జిగురు ఆ పొలుసులకే అంటుకుంటుంది, పొలుసులు రాలిపోతాయి, పురుగు పోతుంది. మా వలలో కూడా ఒక ఉదయం బూడిద రంగు గీత ఒకటి మిగిలి ఉన్నది, పురుగు మాత్రం లేదు. ఈ పొడిని జయించడానికి న్యూగినీలో ఒక రకం సాలెపురుగు తన వలను నిచ్చెనలా బారుగా అల్లుతుందట. పురుగు దొర్లుతూ దొర్లుతూ పొడి అంతా రాల్చుకుని, చివర బోడి రెక్కలతో అంటుకుంటుందట. అంటే తప్పించుకునేవి ఎక్కువైపోయి, వేటగత్తె తన ఇంటినే మార్చుకోవలసి వచ్చిందన్నమాట.

అయితే చేరుకున్న తరువాత జరిగేది కూడా చెప్పాలి. ఒక వైపే చెబితే మళ్లీ అదే తప్పు చేసినవాణ్ణవుతాను.

మూడో వారంలో ఒక పచ్చ మిడత పడింది. వెనుక కాళ్లతో తన్నితే వల మొత్తం ఊగింది. సాలెపురుగు రెండు క్షణాల్లో దిగింది, కానీ నోరు పెట్టలేదు. కాస్త ఎడంగా నిలబడి, పొట్ట కొనను మిడత వైపు తిప్పి, వెనుక కాళ్లతో దారాన్ని పట్టీలు పట్టీలుగా, వైద్యుడు కట్టు కట్టినట్లు దాని మీద విసిరింది. మిడతను తిప్పుతూ చుట్టింది. కాళ్లు ఒంటికి అంటుకుపోయి, కదలిక తగ్గిన తరువాతనే వచ్చి కాటు వేసింది. కాటుతో ఎక్కిన విషం మిడతను చచ్చుపడేలా చేసింది. అప్పుడు చుట్టూ దారాలు కత్తిరించి, మూటను వెనక్కి వేలాడదీసుకుని మధ్యకు మోసుకుపోయింది. తినడం మన తినడం కాదు. అరిగించే రసాన్ని దాని మీద వదిలి, కరిగినదాన్ని పీల్చుకుంటుంది. సాయంత్రానికి చిన్న పిప్పి కింద పడింది.

ఆ తరువాత రెండు రోజులకు పసుపు సీతాకోకచిలుక పడితే ఇదే సాలెపురుగు వేరేగా ప్రవర్తించింది. చుట్టలేదు. పరుగెత్తుకొచ్చి ముందు కాటు వేసి, అలాగే పట్టుకుని ఉండిపోయింది. తరువాత చుట్టింది. నాకు ఆశ్చర్యమేసింది. మైకేల్ రాబిన్సన్ అనే జంతుశాస్త్రజ్ఞుడు 1960ల్లో పనామా దేశంలో ఇదే జాతి సాలెపురుగులకు రకరకాల పురుగులు వేసి రాసిపెట్టిన దాంట్లో కారణం దొరికింది. పొడి రెక్కల పురుగు ఏ క్షణంలోనైనా జారిపోతుంది గనుక దాన్ని ముందు కరిచి పట్టుకుంటుంది. కాళ్లతో తన్నే, కరిచే పురుగును దూరం నుంచే చుట్టేస్తుంది. దోమలాంటి చిన్నదైతే చుట్టడం కూడా దండగ, నోట పట్టుకుని పోతుంది. ముట్టుకుని, అదేమిటో తెలుసుకుని, అప్పుడు తగిన పని చేస్తుంది. చూపులేని ప్రాణి!

మా అమ్మాయి సీతాకోకచిలుకను విడిపించమని ఏడ్చింది. నేను విడిపించలేదు. ఆ రోజు దాని దగ్గర నాకు చులకన అయ్యానేమో కూడా. "నాన్నా, దీన్ని కూడా దేవుడే చేశాడా?" అని అడిగింది. సండే స్కూల్లో చెప్పే జవాబు నాలుక చివరికి వచ్చింది గానీ మింగేశాను. ఇద్దరం కూర్చుని యోబు గ్రంథం ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది అధ్యాయాలు చదివాం. సింహాలకు ఎర ఎవరు తెచ్చిపెడతారని, గద్ద పిల్లలు రక్తం తాగడం నీకు తెలుసునా అని దేవుడు యోబును అడిగే చోటు. అక్కడ దేవుడు వేటాడే ప్రాణుల తరఫున క్షమాపణ చెప్పుకోడు. వాటిని తన చేతి పనిగానే చూపిస్తాడు. మా అమ్మాయికి ఆ జవాబు నచ్చలేదు. నాకు కూడా పూర్తిగా నచ్చిందని చెప్పను. కానీ సాలెపురుగును చూసి సాతాను అనడానికి అక్కడ నాకు చోటు దొరకలేదు.

అన్నట్టు, బైబిలులో సాలెపురుగు ఎక్కడున్నదో కూడా ఈసారి వెదికి చూశాను. యోబు ఎనిమిదవ అధ్యాయంలో ఒకటి, యెషయా యాభై తొమ్మిదిలో ఒకటి. మొదటి చోట దాని పట్టు ఆనుకుంటే నిలవదన్న సంగతి, రెండో చోట దాని నేత బట్టకు పనికిరాదన్న సంగతి. రెండూ దారం బలహీనత గురించే. వేట మాట లేదు, సాతాను మాట లేదు. ఇంగ్లిషు వారి పాత కింగ్ జేమ్స్ తర్జుమాలో సామెతలు ముప్పైలో కూడా రాజుల ఇళ్లలో సాలెపురుగు ఉంటుంది, మన తెలుగు బైబిలు తీసి చూస్తే అక్కడ బల్లి ఉన్నది. ఇక తొంభై ఒకటవ కీర్తనలో నేను సాలెపురుగును కూర్చోబెట్టిన చోట ఉన్నది పిట్టలు పట్టే మనిషి. సెమినరీలో చదివినవాణ్ణి, ఇది ప్రసంగానికి ముందే చూడవలసింది.

రైతులైన శ్రోతలు ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. మా సంఘ పెద్ద ఒకాయన ఆరెకరాల వరి చేస్తారు. "వ్యవసాయశాఖ వాళ్లు వచ్చి మిత్ర పురుగులని చెప్పేవాటిని మీరు సాతాను అంటే ఎలాగండీ" అని నన్ను ఆ రోజే అడిగారట, నేను వినిపించుకోలేదట. ప్రపంచంలోని సాలెపురుగులన్నీ కలిసి ఏడాదికి 40 నుంచి 80 కోట్ల టన్నుల వరకు ఎరను తింటాయని 2017లో ఇద్దరు శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. అందులో చాలా భాగం పురుగులే. వరిలో సుడిదోమను తినేవాటిలో సాలెపురుగులు ముఖ్యం. మందు కొడితే ముందు అవి చస్తాయి, ఆ పైన దోమ రెట్టింపై వస్తుంది. ఈ సంగతి తెలిసే ఇండోనేషియా ప్రభుత్వం 1986లో వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించింది.

ఇంకొక్క పురుగు సంగతి చెప్పి ముగిస్తాను. మన కృష్ణా డెల్టాలో జనుము వేస్తారు గదా. ఆ చేలల్లో తెల్లని రెక్కల మీద ఎర్రని, నల్లని చుక్కలున్న చిన్న రెక్కల పురుగు ఒకటి ఎగురుతుంది. గొంగళిగా ఉన్నప్పుడు జనుము ఆకులు, కాయలు తిని పెరుగుతుంది. దీని దగ్గరి బంధువు అమెరికాలో ఫ్లోరిడాలో ఉన్నది, అది కూడా జనుము జాతి మొక్కలే తింటుంది. ఆ మొక్కల్లో ఒక విషపదార్థం ఉంటుంది. గొంగళి దాన్ని ఒంట్లో దాచుకుంటుంది, రెక్కలు వచ్చాక కూడా అది పోదు. ఇందాక చెప్పిన ఐస్నర్ గారు అక్కడ పెద్ద బంగారు దారపు సాలెపురుగు వలల్లో ఈ పురుగులను వేసి చూశారు. పురుగు తన్నుకోదు, ఊరకే ఉంటుంది. సాలెపురుగు వచ్చి, ముట్టి చూసి, చుట్టూ ఉన్న దారాలను ఒక్కొక్కటే తెంపి దాన్ని వదిలేస్తుంది! పురుగు ఎగిరిపోతుంది. తన వలను తనే కత్తిరించి వదిలేస్తుందన్నమాట. ఆ మొక్క కాకుండా వేరే మేత పెట్టి పెంచిన పురుగులను వేస్తే మాత్రం తినేసింది.

శ్రోతల్లో ప్రసంగీకులెవరైనా ఉంటే ఇప్పటికే కాగితం, కలం తీసుకుని ఉంటారు. చేదు తిన్నది బ్రతికింది, మూడు పాయింట్లు, ముగింపు పాట. నాకూ నోరూరింది. అయ్యలారా, వద్దు. ఒకసారి పురుగును వాడుకుని ఒక మనిషిని పడేశాను. ఈసారి పురుగును పురుగుగానే వదిలేస్తాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడానికే ఈ రోజు వచ్చాను.

ఉత్తరం రాసిన సహోదరుడా, మీరు ఇప్పుడు వింటున్నారో లేదో నాకు తెలియదు. మీ ఊరు తెలిస్తే రేడియో దాకా రాకుండా మీ గుమ్మం ముందే నిలబడి చెప్పేవాణ్ణి. వలలో పడిన పురుగు బయటపడదని నేను చెప్పింది అబద్ధం. కావాలని చెప్పలేదు గానీ అబద్ధమే. నా కళ్ల ముందు ఎన్నో బయటపడ్డాయి. మూడుసార్లు ప్రయత్నించానని మీరు రాశారు. నేను కూర్చున్న ఉదయాల్లో అదే వలకు మళ్లీ మళ్లీ తగిలి, మళ్లీ మళ్లీ పోయిన పురుగులను చూశాను.

ఒక విషయం మాత్రం జాగ్రత్తగా వినండి. పదకొండేళ్లు తాగిన ఒళ్లు ఒక్కరోజులో మానేస్తే వణుకు, ఫిట్స్, మతి చెదరడం వచ్చే ప్రమాదం ఉన్నది. కొందరికి ప్రాణం మీదికి వస్తుంది. మీరు మూడుసార్లు మళ్లీ తాగడానికి వెనుక ఇది కూడా ఉండవచ్చు. అది మీ విశ్వాసం తక్కువై కాదు. డాక్టరు దగ్గర మానాలి, దానికి మందులున్నాయి. నేను మీతో ఆసుపత్రికి వస్తాను. వార్డులో మీ పక్కన కూర్చుంటాను, ప్రార్థన అక్కడే చేసుకుందాం. మీ పిల్లల కోసం ప్రార్థన చేయమన్నారు, ఆ రోజు నుంచి మా ఇంట్లో మానలేదు. పేర్లు తెలియవు గనుక పిల్లలు అని మాత్రమే అంటున్నాం.

కార్యక్రమం చివర మా చిరునామా చెబుతారు. ఇంకో ఇన్‌లాండ్ లెటర్ కొని రాయండి. ఈసారి వెనుక వైపు మీ ఊరు, పిన్ కోడ్ పెద్ద అక్షరాలతో, బాల్ పెన్నుతో రాయండి. తడిసినా చెరగకుండా ఉంటుంది.